ఒకే మాత్ర, ఇద్దరు బిడ్డలు: మన వారసత్వం, క్యాన్సర్ మందు మోతాదు

మన తాతముత్తాతలు ఏ ఊరి నుండి వచ్చారు, ఏ రేవులో ఓడ ఎక్కారు, ఏ తోటలో దిగారు అని వెదకడం ఈ పుటలకు అలవాటైన పని. ఓడల జాబితాలు, తోటల పద్దు పుస్తకాలు, ఇంటిపేర్లు మనకు ఆధారాలు. ఇవి కాక వారు మనకు ఇచ్చిన పత్రం మరొకటి ఉన్నది. అది మన రక్తంలోనే ఉన్నది. క్యాన్సర్ వచ్చిన మనిషికి మందు ఎంత మోతాదులో ఇవ్వాలి అనే ప్రశ్నకు సమాధానంలో కొంత భాగం ఆ పత్రంలో వ్రాసి ఉంటుంది. దానిని సకాలంలో చదివితే ప్రాణం నిలుస్తుంది.

ఒక ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీద ఇద్దరు బిడ్డలు ఉన్నారని అనుకుందాం. ఇద్దరికీ ఆరేళ్లు. ఇద్దరిదీ ఒకే జబ్బు: అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా. ఇది పిల్లలలో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సర్. నేడు మంచి వైద్యం అందిన చోట నూటికి తొంభై మంది వరకు పిల్లలు దీని నుండి బయటపడుతున్నారు. చికిత్సలో చివరి దశ పొడవైనది. రెండేళ్ల పాటు, కొన్నిచోట్ల అంతకంటె ఎక్కువ కాలం, మెర్కాప్టోప్యూరిన్ అనే మాత్రను ఇంటి వద్దనే ప్రతిదినం వేయాలి. మన ఇద్దరు బిడ్డల ఎత్తు, బరువు సమానం. కాబట్టి మాత్ర మోతాదు కూడా సమానమే.

కొన్ని వారాలు గడిచాయి. మొదటి బిడ్డ ఆడుకుంటున్నాడు. రెండవ బిడ్డకు తెల్ల రక్తకణాలు దాదాపు అడుగంటాయి, నోటిలో పుండ్లు లేచాయి, జ్వరం పట్టుకున్నది. తెల్ల రక్తకణాలు లేని దేహానికి చిన్న జ్వరం కూడా ప్రాణాంతకం కావచ్చు. జబ్బు ఒకటే, మాత్ర ఒకటే, మోతాదు ఒకటే. మరి ఈ తేడా ఎక్కడి నుండి వచ్చింది?

జన్యువు అనే మాట

‘జన్’ అనే సంస్కృత ధాతువుకు ‘పుట్టు’ అని అర్థం. జననం, జన్మ, జనకుడు, జనని అనే మాటలన్నీ దాని నుండి వచ్చినవే. జన్యువు కూడా ఆ కుటుంబపు మాటే. దేహంలో ఒక పని ఎలా జరగాలో తెలిపే వ్రాతను జన్యువు అంటారు. సాధారణంగా ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులు ఉంటాయి: తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి. చేతితో నకలు వ్రాసిన తాళపత్రాలలో అక్కడక్కడ ఒక అక్షరం మారినట్లు, తరతరాలుగా వచ్చిన ఈ వ్రాతలో కూడా అక్షరాలు మారుతూ వచ్చాయి. ఇటువంటి మార్పును జన్యుభేదం అంటారు. ఎక్కువ భేదాల వల్ల ఏ నష్టమూ లేదు. కొన్నింటి వల్ల మాత్రం ఒక ఎంజైమ్ బలహీనపడుతుంది. ఎంజైమ్ అంటే దేహంలో రసాయన మార్పులను జరిపించే పనివాడు. అతడు బలహీనుడైతే మామూలు రోజులలో ఎవరికీ తెలియదు. ఒక ప్రత్యేకమైన మందు కడుపులోకి పోయిన రోజున తెలుస్తుంది.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. క్యాన్సర్ వైద్యంలో జన్యుపరీక్షలు రెండు విధాలు. క్యాన్సర్ గడ్డలో కొత్తగా పుట్టిన మార్పులను చూసే పరీక్ష ఒకటి. ఆ మార్పులు ఆ గడ్డకే పరిమితం, సంతానానికి రావు. పుట్టుకతో వచ్చి దేహంలోని ప్రతి కణంలోనూ ఉన్న భేదాలను చూసే పరీక్ష రెండవది. మొదటిది ఏ మందు పనిచేస్తుందో చెప్పడానికి తోడ్పడుతుంది. రెండవది ఆ మందును మన దేహం ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పడానికి తోడ్పడుతుంది. ఈ వ్యాసం రెండవదాని గురించి.

మందుల చరిత్రలో ఒక తెలుగువాడు

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా వెళ్లారు. తరువాత లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఫోలిక్ ఆమ్లం లేకుండా కొత్త రక్తకణాలు పుట్టలేవు. దానిని పోలి ఉండి, దాని పనికి అడ్డుపడే పదార్థాలను కూడా ఆ బృందమే తయారుచేసింది. అందులో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లోని సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ల్యుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గింది. 1948లో ఆ ఫలితం ప్రచురితమైంది. అంతవరకు ఆ జబ్బుకు మందు అనేదే లేదు. సుబ్బారావు అదే సంవత్సరం ఆగస్టులో కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ ఈ పిల్లలకు ఇస్తున్నారు.

మెథోట్రెక్సేట్‌తో పాటు ఇచ్చే మాత్రే మన కథలోని మెర్కాప్టోప్యూరిన్. దానిని గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ తయారుచేశారు. 1953లో అమెరికాలో దానికి అనుమతి లభించింది. వారిద్దరికీ 1988లో నోబెల్ బహుమతి వచ్చింది.

చెరువు, తూము, అలుగు

మెర్కాప్టోప్యూరిన్ నేరుగా పనిచేసే మందు కాదు, మందుకు ముడిసరుకు. కణంలోకి పోయిన తరువాత అది కొన్ని మార్పులు చెంది, డీఎన్‌ఏ వ్రాతలోని ఒక అక్షరంలా వేషం వేసుకుంటుంది. వేగంగా విభజన చెందే కణం దానిని అసలు అక్షరమే అనుకొని తన డీఎన్‌ఏలో చేర్చుకుంటుంది. ఆ తప్పు అక్షరం వల్ల కణం చనిపోతుంది. ల్యుకేమియా కణాలు నశించేది ఈ విధంగానే. అయితే ఎముకల మూలుగలో కొత్త రక్తాన్ని తయారుచేసే మంచి కణాలు కూడా వేగంగానే విభజన చెందుతాయి. మందు హద్దు మీరితే అవి కూడా నశిస్తాయి.

మన పెద్దలు విడిచి వచ్చిన ఊళ్లలో చెరువులు ఉండేవి. చెరువులోని నీటిని కాలువకు వదిలే ద్వారాన్ని తూము అంటారు. నీరు ఎక్కువైనప్పుడు కట్ట తెగకుండా పొర్లిపోయే చోటును అలుగు అంటారు. తూము, అలుగు రెండూ బాగుంటే ఎంత వాన కురిసినా కట్టకు భయం లేదు.

మెర్కాప్టోప్యూరిన్ విషయంలో టీపీఎంటీ అనే ఎంజైమ్ తూము వంటిది. అది మందులో కొంత భాగాన్ని వేరే దారికి మళ్లించి పనికి రాకుండా చేస్తుంది. ఎన్‌యూడీటీ15 అనే ఎంజైమ్ అలుగు వంటిది. అది వేషం వేసుకున్న తప్పు అక్షరాన్ని డీఎన్‌ఏలో చేరకముందే విరిచివేస్తుంది. వైద్యులు నిర్ణయించిన మామూలు మోతాదు ఈ రెండూ సక్రమంగా పనిచేస్తున్నాయన్న లెక్క మీద ఆధారపడినది. పుట్టుకతోనే తూము పూడిపోయిన దేహంలో, లేదా అలుగు లేని దేహంలో, అదే మోతాదు వరద అవుతుంది. మన రెండవ బిడ్డకు జరిగినది అదే.

అంకెలు ఏమి చెబుతున్నాయి?

అమెరికాలోని మేయో క్లినిక్‌లో రిచర్డ్ వైన్‌షిల్‌బౌమ్ బృందం 1980లో టీపీఎంటీ బలాన్ని దాదాపు 300 మందిలో కొలిచింది. నూటికి 89 మందిలో అది బలంగా ఉన్నది. 11 మందిలో మధ్యస్థంగా ఉన్నది. 300 మందిలో ఒకరికి దాదాపు లేనే లేదు. మధ్యస్థంగా ఉన్నవారికి జన్యువు రెండు ప్రతులలో ఒకటి బలహీనం; అసలు లేనివారికి రెండూ బలహీనం. రెండు ప్రతులూ బలహీనమైన పిల్లలకు మోతాదును పదో వంతుకు తగ్గించి, ప్రతిదినం కాక వారానికి మూడు రోజులే ఇవ్వాలని నేటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇంతటితో సమస్య తీరిపోవలసింది. కాని ఆసియా ఆసుపత్రులలో ఒక చిక్కు కనిపించింది. టీపీఎంటీ సక్రమంగా ఉన్నవారిలో కూడా కొందరికి తెల్ల రక్తకణాలు పడిపోయేవి. 2014లో కొరియా పరిశోధకులు పేగుల జబ్బుకు ఇదే జాతి మందు వాడుతున్నవారిలో కారణాన్ని కనుగొన్నారు. అది ఎన్‌యూడీటీ15 జన్యువులో ఒకే ఒక అక్షరం మార్పు. మరుసటి సంవత్సరం ల్యుకేమియా పిల్లలలో కూడా అదే భేదం కనిపించింది. మార్పు లేని పిల్లలు అనుకున్న మోతాదులో సగటున 83.5 శాతం తట్టుకున్నారు. ఒక ప్రతిలో మార్పు ఉన్నవారు 63 శాతం తట్టుకున్నారు. రెండు ప్రతులలోనూ మార్పు ఉన్నవారు 8.3 శాతం మాత్రమే తట్టుకున్నారు. 2016లో సింగపూర్, జపాన్, గ్వాటెమాలా దేశాలలోని 270 మంది పిల్లలపై జరిగిన అధ్యయనం ఈ జన్యువులో మరికొన్ని భేదాలను కూడా గుర్తించింది.

తూము గురించి 1980లోనే తెలిసినా, అలుగు గురించి 2014 వరకు తెలియకపోవడానికి ముఖ్య కారణం ఒకటి ఉన్నది. ఐరోపా మూలాలవారిలో ఆ భేదం చాలా అరుదు. వెదికిన చోట అది లేదు. ఉన్న చోట ఎవరూ వెదకలేదు.

మనవారు చేరిన లెక్క

ప్రపంచ ప్రజల జన్యు వ్రాతలను పోల్చి చూడడానికి ‘వేయి జీనోముల ప్రణాళిక’ అనే గొప్ప కార్యం జరిగింది. 2015లో వెలువడిన దాని ఫలితాలలో 26 జనసమూహాలకు చెందిన 2,504 మంది వివరాలు ఉన్నాయి. దక్షిణాసియా మూలాలు గల ఐదు సమూహాలలో ఒకటి బ్రిటన్‌లో నివసించే తెలుగువారిది. సుమారు వంద మంది తెలుగువారు, మనలాగే స్వదేశానికి దూరంగా ఉన్నవారు, తమ రక్తాన్ని ఇచ్చారు. వారి పేర్లు ఎక్కడా లేవు. కాని ప్రపంచంలో ఎక్కడ ఒక కొత్త జన్యుభేదం కనిపించినా, అది తెలుగువారిలో ఉన్నదా అని చూడడానికి పరిశోధకులు తెరిచే పుటలలో వారి వ్రాత ఉన్నది.

ఆ పట్టికలో ఎన్‌యూడీటీ15 మార్పు తూర్పు ఆసియావారి నూరు ప్రతులలో సుమారు పదింటిలో కనిపిస్తుంది. దక్షిణాసియావారిలో సుమారు ఏడింటిలో కనిపిస్తుంది. ఐరోపావారిలో ఒకటి కంటె తక్కువ. అంటే మన మూలాలవారికి పాత పరీక్ష ఒక్కటే చాలదు. టీపీఎంటీతో పాటు ఎన్‌యూడీటీ15 కూడా చూడాలి.

ఇంటిపేరు మోతాదు చెప్పదు

మలేషియాలో మనం నింపే పత్రాలలో ‘ఇండియన్’ అనే ఒక గడి ఉంటుంది. ఆ గడిలో తెలుగువారు, తమిళులు, మలయాళీలు, పంజాబీలు అందరూ చేరుతారు. మన జన్యువులకు ఆ గడి తెలియదు. ‘తెలుగు’ అనే మాట కూడా ఒక మనిషి గురించి కొంతే చెబుతుంది.

భారతదేశంలో అనేక సముదాయాలు వందల ఏళ్లుగా తమలో తామే వివాహాలు చేసుకున్నాయి. అందువల్ల ఒక పూర్వికుని భేదం ఒక సముదాయంలో ఎక్కువమందికి చేరి ఉండవచ్చు. తెలుగుదేశపు వైశ్యులలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. శస్త్రచికిత్స సమయంలో కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందును విరిచివేసే ఎంజైమ్ వారిలో కొందరికి ఉండదు. ఇతరులకు కొన్ని నిమిషాలలో దిగిపోయే ఆ మందు వారికి గంటల తరబడి దిగదు. అంతవరకు యంత్రం ద్వారా శ్వాస అందించాలి. ఇది జబ్బు కాదు, లోపమని సిగ్గుపడవలసిన విషయం కూడా కాదు. ముందుగా తెలిస్తే మత్తు వైద్యుడు వేరే మందు ఎంచుకుంటాడు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధకులు, అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనం ఇటువంటి సముదాయాలు దక్షిణాసియాలో ఎన్నో ఉన్నాయని చూపింది.

మేనరికం సంగతి కూడా చెప్పుకోవాలి. మేనమామను గాని, మేనత్త కొడుకును గాని పెళ్లాడిన ఇళ్లలో, తల్లికీ తండ్రికీ ఒకే పూర్వికుని నుండి ఒకే భేదం వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. తల్లిదండ్రులిద్దరికీ చెరొక బలహీనమైన ప్రతి ఉంటే, ప్రతి బిడ్డకూ రెండూ బలహీనమైనవే వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

మరోవైపు రబ్బరు తోటలలో, కొబ్బరి తోటలలో కులం హద్దులు, భాష హద్దులు దాటిన వివాహాలు కూడా జరిగాయి. తెలుగు ముత్తాత, తమిళ ముత్తవ్వ, చీనా కోడలు ఉన్న ఇళ్లు మనలో ఉన్నాయి. కాబట్టి ఊరి పేరు, కులం పేరు, ఇంటిపేరు చూసి మందు మోతాదు ఊహించరాదు. ఈ పేర్లు ఒక ప్రశ్నను లేవనెత్తగలవు. సమాధానం ఆ మనిషి రక్తపరీక్షలోనే ఉంటుంది.

మరొక మందు, అదే పాఠం

పెద్దలకు పెద్దపేగు, జీర్ణాశయం, రొమ్ము క్యాన్సర్లలో ఇచ్చే 5-ఫ్లోరోయురాసిల్, కేపెసిటబైన్ అనే మందులకు కూడా ఇటువంటి తూమే ఉన్నది. దేహంలోకి పోయిన ఫ్లోరోయురాసిల్‌లో 80 శాతానికి పైగా డీపీడీ అనే ఎంజైమ్ విరిచివేస్తుంది. దాని జన్యువును డీపీవైడీ అంటారు. అది బలహీనమైనవారికి మామూలు మోతాదు ప్రాణాపాయం కావచ్చు. 2020లో ఐరోపా మందుల సంస్థ, చికిత్సకు ముందే ఈ పరీక్ష చేయాలని సూచించింది.

అయితే ఈ పరీక్షలో సాధారణంగా వెదికే నాలుగు భేదాలు ఎక్కువగా ఐరోపా మూలాలవారి సమాచారం ఆధారంగా ఎంచుకున్నవి. మనవంటివారికి ‘ఆ నాలుగూ లేవు’ అనే ఫలితం వస్తే సంతోషమే, కాని పూర్తి భరోసా కాదు. రక్తంలో యురాసిల్ అనే పదార్థాన్ని కొలిచి ఎంజైమ్ బలాన్ని తెలుసుకునే పద్ధతి కూడా ఉన్నది. మొదటి విడత మందు తరువాత విరేచనాలు, నోటి పుండ్లు, జ్వరం తీవ్రంగా వస్తే ఫలితం ఏమి చెప్పినా వెంటనే ఆసుపత్రికి తెలపాలి.

మనం అడగవలసినవి

ఇంటిలో ఎవరికైనా క్యాన్సర్ చికిత్స మొదలవుతున్నప్పుడు ఈ మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి: మెర్కాప్టోప్యూరిన్ ఇస్తున్నట్లయితే, “టీపీఎంటీ, ఎన్‌యూడీటీ15 రెండూ పరీక్షించారా?” అని అడగండి. ఫ్లోరోయురాసిల్ లేదా కేపెసిటబైన్ అయితే డీపీవైడీ గురించి అడగండి.

రెండు: బిడ్డకు ఇటీవల రక్తం ఎక్కించి ఉంటే ఆ సంగతి చెప్పండి. టీపీఎంటీ బలాన్ని ఎర్ర రక్తకణాలలో కొలుస్తారు. దాత రక్తం కలిసి ఉంటే ఆ కొలత దాతది కావచ్చు. అటువంటప్పుడు జన్యుపరీక్ష మేలు.

మూడు: బంధువులలో ఎవరైనా కీమోథెరపీ మందుకు గాని, మత్తుమందుకు గాని తీవ్రంగా ఇబ్బంది పడ్డారా అని అమ్మమ్మను, పెదనాన్నను, మేనత్తను అడిగి వైద్యునికి చెప్పండి. వంశవృక్షం వ్రాసే నోటు పుస్తకంలోనే ఈ వివరానికి కూడా ఒక వరుస కేటాయించండి.

నాలుగు: ఫలితం వచ్చిన తరువాత దాని నకలు దాచుకోండి. జన్యువు మారదు, ఆ ఫలితం జీవితాంతం పనికివస్తుంది. తోబుట్టువులకు కూడా ఆ సంగతి చెప్పండి.

ఐదు: భయపడి మాత్రను మీ అంతట మీరు తగ్గించకండి, ఆపకండి. మెర్కాప్టోప్యూరిన్ మోతాదులలో 95 శాతం కంటె తక్కువ మింగిన పిల్లలలో జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరిగినట్లు అమెరికాలో జరిగిన అధ్యయనం చూపింది. మోతాదు మార్చవలసినవాడు రక్తపరీక్షలు చూసే వైద్యుడు.

చివరగా మన రెండవ బిడ్డ దగ్గరకు వద్దాం. వైద్యులు మందు ఆపారు, జ్వరానికి చికిత్స చేశారు, జన్యుపరీక్ష చేయించారు. రక్తకణాలు కోలుకున్న తరువాత అదే మాత్రను చాలా చిన్న మోతాదులో మళ్లీ మొదలుపెట్టారు. ఆ చిన్న మోతాదు అతనికి తక్కువ వైద్యం కాదు. అతని చెరువులో నీరు నిలిచిపోతుంది కాబట్టి, కొద్దిపాటి వానతోనే మొదటి బిడ్డ చెరువంత నిండుతుంది.

మన పెద్దలు కష్టం వచ్చినప్పుడు తలవ్రాత అని ఊరుకునేవారు. తోటలలో వారికి వేరే దారి ఉండేది కాదు. జన్యువు కూడా ఒక విధమైన వ్రాతే, దానిని తుడిచివేయలేము. అయితే ఈ వ్రాతను చదువుకునే వీలు మనకు కలిగింది. చదివి, మోతాదు మార్చుకోవచ్చు. తెలుగు అక్షరాలను మళ్లీ కూడబలుక్కొని నేర్చుకుంటున్న మనం ఈ అక్షరాల గురించి కూడా అడిగి తెలుసుకుందాం.